విదేశీ చదువు: హైదరాబాద్ పిల్లలు, తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

బీటెక్ మూడో ఏడాదిలో పడగానే చాలా ఇళ్లలో మొదలయ్యే ప్రశ్నలివి. అందరూ "ఏ యూనివర్సిటీ?" దగ్గర మొదలుపెడతారు. మా దృష్టిలో అది మూడో ప్రశ్న. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంది, డబ్బు ఎవరి ఖాతాలో ఎప్పటి నుంచి ఉంది అన్నవి ముందు తేలాలి. మంచి మార్కులున్న పిల్లలు కూడా చివరి నెలలో ఇరుక్కునేది వీటి దగ్గరే. ఫీజులు, పరిమితులు తరచూ మారతాయి కాబట్టి కట్టే రోజున ఆ దేశ ప్రభుత్వ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

## మొదటి ఆలోచన

ఎప్పుడు మొదలుపెట్టాలి? బీటెక్ అయ్యాక చూసుకుంటే చాలదా?

అమెరికాలో ఫాల్ అంటే ఆగస్టు. దానికి మంచి యూనివర్సిటీల గడువులు అంతకుముందు డిసెంబరు నుంచి మార్చి లోపే అయిపోతాయి. వెనక్కి లెక్కేయండి: మే, జూన్‌లో వీసా, ఏప్రిల్‌లో ఐ-20 (వీసాకి అమెరికా యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం), మార్చిలో లోన్ శాంక్షన్, డిసెంబరులో అప్లికేషన్లు, అక్టోబరుకి ట్రాన్‌స్క్రిప్టులు, ఎండాకాలం సెలవుల్లో పరీక్షలు. అంటే మూడో ఏడాది పరీక్షలవగానే పని మొదలవ్వాలి. జర్మనీలో వింటర్ సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. సాధారణ గడువు జులై 15 అయినా, బయటి దేశాలవాళ్లకు చాలాచోట్ల మార్చి, మే నెలల్లోనే తలుపు మూసేస్తారు. బీటెక్ అయ్యాక మొదలుపెడితే ఏడాది గ్యాప్ వస్తుంది. అది తప్పు కాదు గానీ, ఆ ఏడాది ఏం చేశారో ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, ఫారం-16 లాంటి కాగితం చూపించగలగాలి.

మా వాడిది మూడేళ్ల బీఎస్సీ. అమెరికా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ యూనివర్సిటీల జాబితా చిన్నదవుతుంది. అక్కడ చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. న్యాక్ ఏ గ్రేడు ఉన్న కాలేజీలో ఫస్ట్ డివిజన్‌లో పాసైతే కొన్ని ఒప్పుకుంటాయి. బ్రిటన్, ఐర్లాండ్‌లలో మూడేళ్ల డిగ్రీతో ఇబ్బంది లేదు. ఫీజు కట్టే ముందు అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ రాసి, జవాబు దాచుకోండి.

కన్సల్టెన్సీ తప్పనిసరా? ఫ్రీ అంటున్నారు, నిజమేనా?

తప్పనిసరి కాదు. ఎక్కడికైనా విద్యార్థే సొంతంగా అప్లై చేసుకోవచ్చు. అమీర్‌పేట, పంజాగుట్ట, దిల్‌సుఖ్‌నగర్‌లలో "ఫ్రీ ప్రాసెసింగ్" బోర్డు కనిపిస్తే దానర్థం ఒకటే: మీరు చేరిన యూనివర్సిటీ మీ ఫీజులోంచి వాళ్లకు కమిషన్ ఇస్తుంది. అందులో మోసమేమీ లేదు. కానీ కమిషన్ ఇవ్వని యూనివర్సిటీ పేరు మీ జాబితాలోకి రాదు, ఇబ్బందల్లా అదే. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల ఊసెత్తితే "అక్కడ భాష కష్టం" అని మాట దాటేయడానికి ఒక కారణం ఇదే.

వాళ్ల ద్వారా వెళ్లినా ఒకటి మాత్రం వదులుకోకండి: అప్లికేషన్ లాగిన్‌కి మీ మెయిల్, మీ ఫోన్ నంబరు, మీ పాస్‌వర్డ్ మాత్రమే ఉండాలి. మీకు తెలియకుండా అందులో లేని ఉద్యోగానుభవం చేర్చి పంపినా, అది మీరు చెప్పిన అబద్ధంగానే లెక్కకొస్తుంది.

ఫీజు తక్కువని జర్మనీ అంటున్నారు. అసలు ఎంత అవుతుంది?

చాలా రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కి వంద నుంచి మూడు నాలుగు వందల యూరోల దాకా కంట్రిబ్యూషన్ ఉంటుంది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 వింటర్ నుంచి బయటి దేశాల కొత్త విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటోంది. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. అక్కడికెళ్లాక నెలకు 992 చొప్పున చేతికొస్తాయి, అంటే అది ఫీజు కాదు, మీ తిండి ఖర్చే. మన దేశంలో చదివినవాళ్లకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని ధ్రువీకరించేది) తప్పనిసరి. దాని రుసుము 18,000 రూపాయలు, రావడానికి వారాలు పడుతుంది. చాలామంది యూనివర్సిటీ వెతుకుతూ కూర్చుని దీన్ని ఆఖరున చూస్తారు. ముందు దీనికే అప్లై చేయండి.

## పేరు, మెమోలు

టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంది. పర్లేదా?

పర్లేదని వదిలేస్తే తర్వాత ఏడిపిస్తుంది. పాస్‌పోర్టులో పేరంతా గివెన్ నేమ్ గడిలో వేసి సర్‌నేమ్ ఖాళీగా ఉంచితే, అమెరికా వీసాపై ఆ మొత్తం పేరు సర్‌నేమ్ అయిపోతుంది. మొదటి పేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది, పేరు తెలియదు అని దానర్థం. అక్కడికెళ్లాక బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు అన్నింటిలో అదే తగులుకుంటుంది. ఐ-20 రాకముందే పాస్‌పోర్టు రీ-ఇష్యూకి పెట్టి, ఇంటిపేరుని సర్‌నేమ్ గడిలోకి, మిగతాది గివెన్ నేమ్‌లోకి విడగొట్టించండి. కొత్త పేరు చేర్చడం లేదు కాబట్టి టెన్త్ మెమో చూపిస్తే సరిపోవాలి.

స్పెల్లింగే వేరైతే, ఉదాహరణకి ఒకచోట "లక్ష్మి"లో ఒక ఇంగ్లిష్ అక్షరం ఎక్కువుంటే, మెమోలో దిద్దించాలా పాస్‌పోర్టులోనా? కాలేజీ పేపర్లన్నీ టెన్త్ మెమోని బట్టే వస్తాయి. అందుకే పాస్‌పోర్టుని మెమోకి సరిపెట్టడమే తేలిక.

ట్రాన్‌స్క్రిప్ట్ అంటే మార్కుల మెమోనే కదా?

కాదు. మెమో మీకిచ్చేది, ట్రాన్‌స్క్రిప్ట్ యూనివర్సిటీ ఇంకో యూనివర్సిటీకి పంపేది. అన్ని సెమిస్టర్ల సబ్జెక్టులు, గ్రేడ్లు, క్రెడిట్లు ఒకేచోట వేసి, సంతకం పెట్టి, కవరు మూతపై స్టాంపు వేసి సీల్ చేస్తారు. ఆ కవరు మీరు చింపితే చెల్లదు. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలవాళ్లు కూకట్‌పల్లిలో, ఓయూవాళ్లు క్యాంపస్‌లోని పరీక్షల విభాగంలో అడగాలి. అటానమస్ కాలేజీ అయితే ముందు కాలేజీలోనే అడగండి. ఎన్ని కవర్లు కావాలో లెక్కేసుకుని రెండు ఎక్కువ తీసుకోండి. ఒరిజినల్ డిగ్రీ ఇంకా రాకపోతే ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మెమో అప్లికేషన్‌కి సరిపోతాయి.

సీజీపీఏని పర్సెంటేజీ ఎలా చేయాలి? పదితో గుణిస్తే చాలా?

మీ యూనివర్సిటీ రెగ్యులేషన్స్‌లో ఉన్న సూత్రమే వాడాలి. జేఎన్‌టీయూహెచ్ ఆర్16, ఆర్18 రెగ్యులేషన్లలో సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణిస్తారు. 8.0 అంటే 75 శాతం, 80 కాదు. ఆ అయిదు శాతం ఎక్కువ రాసుకుంటే ఒరిజినల్స్ చూసినప్పుడు దొరికిపోతారు. అమెరికా అప్లికేషన్‌లో "పదికి ఎంత" అని అడిగితే మార్చకుండా అలాగే వేయండి.

జర్మనీ లెక్క వేరు: గరిష్ఠ గ్రేడులోంచి మీ గ్రేడు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలుపుతారు. 7.5 ఉన్నవాళ్లకి పాస్ గ్రేడు 5 అని పెడితే 2.5 వస్తుంది, 4 అని పెడితే 2.25. అక్కడ అంకె తగ్గితే మంచిది. 2.5 లోపు ఉంటేనే తీసుకునే కోర్సులు చాలా ఉన్నాయి కాబట్టి కనీస పాస్ గ్రేడు ఎంతో కాలేజీ లెటర్‌హెడ్‌పై రాయించుకోవడం దండగ కాదు.

ఏడు బ్యాక్‌లాగ్‌లున్నాయి, అన్నీ క్లియర్ చేశాను. దాచొచ్చా?

దాచలేరు. ఎప్పుడు పాసయ్యారో మెమోలపై నెల, సంవత్సరం ఉంటుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా యూనివర్సిటీలు చాలావరకు విడిగా బ్యాక్‌లాగ్ సర్టిఫికెట్ అడుగుతాయి. ఎన్ని దాకా ఒప్పుకుంటారన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది. ఏ సెమిస్టర్‌లో, ఎందుకు పోయాయో రెండు వాక్యాల్లో రాసి, తర్వాతి సెమిస్టర్ల గ్రేడ్లు చూపండి.

## పరీక్షలు, అప్లికేషన్లు

జీఆర్‌ఈ రాయాలా? అన్నిచోట్లా తీసేశారంటున్నారు.

అమెరికాలో చాలా కోర్సులు "ఆప్షనల్" అన్నాయి, అన్నీ కాదు. ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ అడుగుతుంది, ఇంకోటి అడగదు. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే జీతానికి చేసే పని) కావాలన్నా, సీజీపీఏ ఏడు చుట్టూ ఉన్నా రాయడమే మేలు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష రెండు గంటల లోపే. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది, 21 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. పరీక్ష రోజే నాలుగు యూనివర్సిటీలకు ఉచితంగా స్కోరు పంపొచ్చు కాబట్టి ఆ నాలుగు పేర్లు ముందే అనుకుని వెళ్లండి.

ఇంట్లో కూర్చుని రాసే ఇంగ్లిష్ టెస్ట్ చెల్లుతుందా?

అడ్మిషన్‌కి చాలాచోట్ల చెల్లుతుంది, వీసాకి అన్నిచోట్లా చెల్లదు. ఆస్ట్రేలియా వీసాకి ఇంటినుంచి రాసిన పరీక్ష పనికిరాదు. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. రెండు దేశాలు మనసులో ఉంటే సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షే తీసుకోండి.

రికమెండేషన్ లెటర్ అడిగితే హెచ్‌ఓడీ గారు "నువ్వే రాసి పట్టుకురా, సంతకం పెడతా" అన్నారు. ఏం చేయాలి?

మన కాలేజీల్లో ఇది మామూలే. కానీ ఇప్పుడు యూనివర్సిటీ వాళ్లు కాగితం అడగరు, సారు మెయిల్‌కి లింకు పంపుతారు. ఆ మెయిల్ కాలేజీ డొమైన్‌లో ఉండాలి. సారు పేరుతో మీరే జీమెయిల్ తెరవడం ఫోర్జరీ. సారుకి ఒక పేజీ నోట్ ఇవ్వండి: ఆయన దగ్గర ఏ సబ్జెక్టు చదివారు, ఏ ప్రాజెక్టు చేశారు, అందులో మీ వంతు ఏమిటి. దాన్నిబట్టి ఆయనే రాస్తే నాలుగు వాక్యాలైనా బరువుంటుంది. ముగ్గురు సార్ల ఉత్తరాలూ ఒకే ఇంగ్లిష్‌లో ఉంటే చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

## డబ్బు

ఊళ్లో నాలుగెకరాల పొలం ఉంది. దానిమీద ఎడ్యుకేషన్ లోన్ ఇస్తారా?

చాలా బ్యాంకులు ఇవ్వవు. బకాయిపడితే కోర్టుకెళ్లకుండా తాకట్టు ఆస్తిని వేలం వేసే అధికారం బ్యాంకులకు సర్ఫేసీ చట్టం ఇస్తుంది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకే కోటి రూపాయల పొలం కన్నా నలభై లక్షల ఫ్లాటుకే బ్యాంకులో విలువ.

ఇల్లు, ఫ్లాటు, ప్లాటు పెట్టాలంటే రిజిస్టర్డ్ సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, జీహెచ్‌ఎంసీ లేదా హెచ్‌ఎండీఏ ఆమోదించిన ప్లాన్, ఆస్తిపన్ను రసీదు కావాలి. బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్ ఇస్తారు, ఇంజినీరు వచ్చి విలువ కడతారు. నోటరీ మీద కొన్న ఇల్లు, అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు, రిజిస్ట్రేషన్ లేని గ్రామకంఠం ఇల్లు అక్కడే ఆగిపోతాయి. తాతగారి పేరు మీదే ఉన్న ఇల్లయితే వారసుల పంపకం తేలేదాకా కదలదు. యూనివర్సిటీ ఆఫర్ రాకముందే ఆస్తి కాగితాల జిరాక్సులు బ్యాంకులో చూపించి, పనికొస్తుందో లేదో అడిగేయండి. ఆస్తి లేకుండా ఇచ్చే ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. వాటిలో వడ్డీ ఎక్కువ, కొన్నింటిలో చదువుతుండగానే వడ్డీ కట్టాలి.

బ్యాంకులో ఎంత చూపాలి? ఎన్నాళ్లు ఉంచాలి?

దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో కట్టాల్సిన మొదటి ఏడాది ఫీజుకి తోడు, లండన్‌లో నెలకి 1,529 పౌండ్లు, బయట 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకి చూపాలి. ఇవి 2025 నవంబరు 11 నుంచి అమల్లో ఉన్న అంకెలు. ఆ మొత్తం వరసగా 28 రోజులు, ఒక్క రోజు కూడా తగ్గకుండా ఉండాలి. ఆ 28వ రోజు అప్లై చేసిన తేదీకి 31 రోజుల లోపు పడాలి. ఖాతా విద్యార్థిది లేదా తల్లిదండ్రులది అయ్యుండాలి. బాబాయి, మేనమామ ఖాతా కుదరదు. ఇరవయ్యో రోజున ఈఎమ్‌ఐ కోతపడి వెయ్యి రూపాయలు తగ్గినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. అందుకే అయిదు శాతం ఎక్కువ వేసి, ఏ ఈఎమ్‌ఐకీ ముడిపడని ఖాతాలో ఉంచండి.

కెనడాలో 2025 సెప్టెంబరు 1 నుంచి ఒక్కరికి ఏడాది ఖర్చు 22,895 కెనడియన్ డాలర్లు, ఫీజు, ప్రయాణం కాక. ఎస్‌డీఎస్ అనే వేగవంతమైన దారి 2024 నవంబరు 8న మూసేశారు. ఆస్ట్రేలియాలో ఏడాదికి 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు. అమెరికాలో ఐ-20పై ముద్రించిన మొదటి ఏడాది మొత్తమే ప్రమాణం. రోజుల లెక్క లేదు గానీ, నిన్న హఠాత్తుగా వచ్చిపడిన నలభై లక్షల గురించి అడిగితే జవాబు ఉండాలి.

కన్సల్టెన్సీ వాళ్లే నెలకి బ్యాలెన్స్ చూపిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. అద్దె బ్యాలెన్సు, దొంగ ఎఫ్‌డీ బాండు, లేని శాంక్షన్ లెటరు, ఇవన్నీ తప్పుడు పత్రాల కిందికే వస్తాయి. దొరికితే అమెరికాలో శాశ్వత నిషేధం, బ్రిటన్‌లో పదేళ్లు, కెనడాలో అయిదేళ్లు, ఆస్ట్రేలియాలో మూడేళ్లు పడే అవకాశముంది. ఫీజు మిగుల్చుకుని వాళ్లు పక్క వీధిలో ఇంకో బోర్డు పెట్టుకుంటారు, నిషేధం మీ పాస్‌పోర్టుకే.

ఫీజు పంపేటప్పుడు ఎల్‌ఆర్‌ఎస్, టీసీఎస్ అంటున్నారు. అవేంటి?

హైదరాబాద్‌లో ఎల్‌ఆర్‌ఎస్ అనగానే ప్లాటు రెగ్యులరైజేషన్ గుర్తొస్తుంది. ఇది అది కాదు. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం. ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. పాన్ తప్పనిసరి. సొంత డబ్బు పంపితే, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో పది లక్షలు దాటిన మొత్తంపైనే టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పడుతుంది. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి నేరుగా వెళ్తే అసలు పడదు. కట్టిన టీసీఎస్ పోయినట్టు కాదు, ఎవరి పాన్ మీద కట్టారో వాళ్ల ఐటీ రిటర్నులో తిరిగొస్తుంది. రిటర్ను వేసే తండ్రి ఖాతా నుంచే పంపడం అందుకే మంచిది.

తెలంగాణ ప్రభుత్వం ఇరవై లక్షలు ఇస్తుందట. ఎవరికి?

ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పథకం, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్, బ్రాహ్మణులకు వివేకానంద పథకం ఉన్నాయి. గరిష్ఠంగా 20 లక్షలు. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం, వయసు 35 లోపు అన్నవి ముఖ్యమైన షరతులు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పథకాలకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ సైట్ ఈ-పాస్‌లో నోటిఫికేషన్ ఉన్నప్పుడే అప్లై చేయాలి. మీసేవలో ఆదాయ, కుల ధ్రువపత్రాలు ముందే తీసి ఉంచండి. ఒక్కమాట: ఈ డబ్బు వీసాకి ముందు చేతికి రాదు, అక్కడ దిగిన ఆధారం చూపాక విడతల్లో వస్తుంది. మొదటి సెమిస్టర్ ఫీజు దీనిమీద ఆధారపడి వేసుకోకండి.

పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టుకోవచ్చు కదా?

తిండి, అద్దెలో కొంత వస్తుంది. ఫీజు రాదు.

## వీసా

అమెరికా వీసాకి హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి? ఏమేం కట్టాలి?

రెండుచోట్లకి. వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా అప్లికేషన్ సెంటర్లో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి 2023 మార్చిలో అక్కడికి మారారు, పాత చిరునామా నమ్ముకుని క్యాబ్ ఎక్కకండి. ఐ-20 వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) రుసుము 350 డాలర్లు, డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా ఫారం నింపి వీసా రుసుము 185 డాలర్లు కట్టాలి. కోర్సు మొదలయ్యే తేదీకి ఏడాది ముందు నుంచే వీసా ఇవ్వొచ్చు, కానీ 30 రోజుల ముందు మాత్రమే దేశంలోకి రానిస్తారు. అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి వాటిని పబ్లిక్‌గా ఉంచమంటున్నారు.

ఇంటర్వ్యూలో 214(బి) కింద రిజెక్ట్ చేశారు. మళ్లీ వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, నిషేధమేమీ లేదు. చదువయ్యాక తిరిగొస్తారన్న నమ్మకం కుదరలేదని దానర్థం. మళ్లీ రుసుము కట్టాలి. ఏదీ మారకుండా వారంలోనే ఇంకో స్లాట్ పట్టుకుంటే ఫలితమూ మారకపోవచ్చు. రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూలో మీరు తెచ్చిన ఫైలు చూడకపోవచ్చు, మీ మాటే వింటారు. ఈ కోర్సే ఎందుకు, డబ్బు ఎవరిది, నాన్నగారు ఏం చేస్తారు, వీటికి బట్టీ కొట్టని జవాబులుండాలి. కోచింగ్ సెంటర్ నేర్పిన ఒకే వాక్యం పొద్దున్నుంచి ఎంతమంది నోట విని ఉంటారో ఊహించుకోండి. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు నిశ్చింతగా చేయండి, కానీ సిలబస్ కూడా ఒకసారి చదవండి.

మొదటి రోజు నుంచే పని చేయొచ్చంటున్న యూనివర్సిటీ మంచిదేనా?

దూరంగా ఉండండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు కొందరు తెలుగు విద్యార్థుల కాళ్లకు ట్రాకింగ్ పట్టీలు వేశారు. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీని అమెరికా ఇమిగ్రేషన్ శాఖే ఎర వేసి నడిపింది. క్లాసులు లేకుండా పని అనుమతి ఇస్తామన్న ఆశతో చేరినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. డే-1 సీపీటీ (కోర్సులో భాగంగా మొదటి రోజు నుంచే ఇచ్చే పని అనుమతి) ప్రతిచోటా చట్టవిరుద్ధం కాకపోయినా, తర్వాతి వీసాలప్పుడు అనుమానం వెంటాడుతుంది. పైగా పూర్తికాల సీపీటీ ఏడాది వాడేస్తే ఆ డిగ్రీ మీద ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసే అనుమతి, పోతుంది.

బ్రిటన్ వీసాకి టీబీ టెస్ట్ ఎక్కడైనా చేయించుకోవచ్చా?

బ్రిటన్ ప్రభుత్వం గుర్తించిన క్లినిక్‌లోనే. మామూలు డయాగ్నస్టిక్ సెంటర్ ఎక్స్‌రే చెల్లదు. సర్టిఫికెట్ ఆరు నెలలు పనికొస్తుంది. వీసా రుసుముతో పాటు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఒకేసారి ముందే కట్టాలి. ఇది చాలామంది బడ్జెట్లో ఉండదు.

## ప్రయాణం

టీకాలు ఇక్కడ వేయించుకోవాలా, అక్కడా?

ఇక్కడే. అమెరికా యూనివర్సిటీలు ఎక్కువగా ఎమ్‌ఎమ్‌ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు అడుగుతాయి, వాటి మధ్య 28 రోజులుండాలి. కాబట్టి టికెట్ తేదీకి ఆరు వారాల ముందే మొదటి డోసు పడాలి. యూనివర్సిటీ ఫారంపైనే డాక్టరుతో తేదీలు రాయించి స్టాంపు వేయించండి.

ఆవకాయ, నెయ్యి, మటన్ పచ్చడి పట్టుకెళ్లొచ్చా?

ఆవకాయ, పొడులు చెక్-ఇన్ పెట్టెలో వెళ్తాయి. నూనె కారకుండా డబ్బాని రెండు కవర్లలో చుట్టండి. మాంసం పచ్చళ్లు అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ తీసేసుకుంటారు. బ్రిటన్‌కి పాల పదార్థాలూ కుదరవు కాబట్టి నెయ్యి, పాలకోవా, నేతి సున్నుండలు ఇంట్లోనే ఉంచండి. ఆస్ట్రేలియాలో తినేది ఏదున్నా కార్డులో రాసి చూపించాలి. రాయకుండా దొరికితే జరిమానా, వీసా రద్దు దాకా వెళ్లొచ్చు. కుక్కర్ కూడా చెక్-ఇన్‌లోనే.

చేతిలో ఎంత డబ్బు, ఏ పేపర్లు ఉంచుకోవాలి?

నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకా కొనుక్కోవచ్చు. మొదటి పది రోజులకు నాలుగైదు వందలు నోట్లుగా, మిగతాది ఫారెక్స్ కార్డులో ఉంచండి. పాస్‌పోర్టు, సంతకం చేసిన ఐ-20 లేదా ఆ దేశపు అడ్మిషన్ పత్రం, లోన్ శాంక్షన్ లెటర్, ఒరిజినల్ మెమోలు, అక్కడ ఉండే చిరునామా రాసిన కాగితం చేతిసంచిలో ఉండాలి. శంషాబాద్‌లో పెట్టె బరువెక్కువై, కౌంటర్ ముందే అన్నీ తీసి సర్దేటప్పుడు ఈ ఫైలు పొరపాటున పెట్టెలోకి పోతుంది. ఆ ఫైలు అమ్మకో నాన్నకో ఇచ్చి, బోర్డింగ్ పాస్ చేతికొచ్చాక తీసుకోండి.